మాట పుట్టుక రాయడం: నిఘంటువు పనిలో నా అనుభవం

నిఘంటువులో అర్థం అందరూ చదువుతారు. ఆ అర్థం పక్కన చిన్న అక్షరాల్లో, మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే పంక్తి ఒకటి ఉంటుంది. దాన్ని చదివేవాళ్లు తక్కువ, దాని మీద పోట్లాడేవాళ్లు మాత్రం ఎక్కువ. నేను చేరింది ఆ పంక్తి రాసే పనిలో. ఒక చిన్న నిఘంటువు బృందానికి వ్యుత్పత్తులు రాసేవాళ్లు చాలడం లేదని తెలిసినవాళ్లు చెబితే వెళ్లాను. తెలుగు ఎమ్మే చదివాను, కన్నడం ఇబ్బంది లేకుండా చదువుతాను, తమిళం కూడబలుక్కుంటాను. అంతకు మించి అర్హత ఏమీ లేదు.

ఎడిటర్ గారు నన్ను పెద్దగా ఏమీ అడగలేదు. ఒక కాగితం ముందు పెట్టి, "అమ్మా, ఈ జంటల్లో చుట్టాలెవరో, కానివాళ్లెవరో రాయి" అన్నారు. లాటిన్ 'దేవుస్', గ్రీకు 'థెయోస్': రెండూ దేవుడే. జర్మన్ 'హాబెన్', లాటిన్ 'హబేరే': రెండింటికీ అర్థం కలిగి ఉండటమే. ఇంగ్లీషు 'వీల్', సంస్కృతం 'చక్రం'. లాటిన్ 'దువో', ఆర్మీనియన్ 'ఎర్కు': రెండూ రెండు అంకెకు పేర్లు. చివర్లో తెలుగు 'చెయ్యి', తమిళం 'కై'.

మొదటి రెండు జంటలూ చుట్టాలు కావు, మిగతా మూడూ చుట్టాలు. చూపుకి కవలల్లా ఉన్నవి పరాయివి, మొహాలు కలవనివి ఒకే ఇంటివి. ఎందుకో ఆయనే చెప్పారు. లాటిన్‌లో 'క' ఉన్నచోట జర్మానిక్ భాషల్లో 'హ' వస్తుంది. లాటిన్ 'కెంటుం' ఇంగ్లీషులో 'హండ్రెడ్', లాటిన్ 'కోర్ను' ఇంగ్లీషులో 'హార్న్'. ఇది ఒకటి రెండు మాటలకి సరిపోయే సంగతి కాదు, వరసగా జరుగుతుంది. యాకోబ్ గ్రిమ్ 1822లో దీన్ని పద్ధతిగా రాసి పెట్టాడు (జానపద కథలు పోగుచేసిన అన్నదమ్ముల్లో పెద్దవాడు ఈయనే). కాబట్టి జర్మన్ 'హాబెన్'కి లాటిన్‌లో అసలు చుట్టం 'క'తో మొదలవ్వాలి. అది పట్టుకోవడం అనే అర్థమున్న 'కాపెరె'. 'హబేరే'తో పోలిక వట్టి యాదృచ్ఛికం. 'దేవుస్'కి గ్రీకులో చుట్టం 'థెయోస్' కాదు, 'జ్యూస్'. మన 'దేవ' కూడా ఆ ఇంటిదే.

యాదృచ్ఛికం అన్న మాట వినగానే జనానికి నచ్చదు. "ఇంతలా కలిస్తే ఏదో ఉండే ఉంటుంది కదా" అంటారు. అలాంటివాళ్లకి చెప్పడానికి మా విభాగంలో ఒక ఉదాహరణ సిద్ధంగా ఉండేది. ఆస్ట్రేలియాలో మ్బబరం అనే భాష ఉండేది. అందులో కుక్కను దాదాపు 'డాగ్' అనే అనేవారు. ఇంగ్లీషు నుంచి తీసుకున్నది కాదు. చుట్టుపక్కల భాషల్లో ఉన్న 'గుడగ' అనే మాట, ఆ భాషలో మామూలుగా జరిగే మార్పులతో అరిగి అరిగి అలా అయ్యింది. భాషలు వేలల్లో ఉన్నాయి, నోటితో పలకగలిగే ధ్వనులు కొన్నే. ఎక్కడో ఒకచోట కలవకపోతేనే ఆశ్చర్యం.

ఇక 'చెయ్యి', 'కై'. తెలుగులో 'ఇ', 'ఎ' లాంటి అచ్చుల ముందు ఒకప్పటి 'క' చాలాచోట్ల 'చ' అయింది. కన్నడ 'కివి' మనకు చెవి, కన్నడ 'కెరె' మనకు చెరువు. ఆ వరసలోనే 'కై'కి మన చెయ్యి. ఒక జత చూపించి ఊరుకుంటే అది ఊహ. అదే జాడలో మరో నాలుగు జతలు నడిస్తే అప్పుడు దానికి నియమం అనే పేరు పెట్టొచ్చు. తొలి వారాల్లో నా పనంతా ఇలాంటి జతలు రాసుకోవడమే. తెలుగు, తమిళాల్లో 'వ' ఉన్నచోట కన్నడంలో 'బ': వేరు–బేరు, విల్లు–బిల్లు, వెల–బెలె. పాత కన్నడంలో 'ప' ఉన్నచోట ఇప్పటి కన్నడంలో 'హ': పాలు–హాలు, పులి–హులి. తమిళం అనే పేరు చివర పలికే ఆ ప్రత్యేకమైన 'ళ' ఉందే, దానికి తెలుగులో చాలాచోట్ల 'డ': ఏళు–ఏడు, కోళి–కోడి. చోళులు మన శాసనాల్లో చోడులు కావడం కూడా ఈ వరసలోదే. ఇవన్నీ ఎక్కాల్లా నోటికి వచ్చేదాకా ఎడిటర్ గారు నాకు ఒక్క ఎంట్రీ కూడా ఇవ్వలేదు.

ఆ తర్వాత కార్డు పూర్తిచేసే పద్ధతి నేర్పారు. ఇప్పుడు కార్డులంటే కంప్యూటర్లో గళ్లే కానీ పేరు మాత్రం మారలేదు. మొదటి గడిలో మాట రూపాలు: ఇప్పటిది, పాతది, ప్రాంతాల్లో వినిపించేది. రెండో గడిలో తొలి ప్రయోగం: ఏ శాసనం, ఏ కావ్యం, ఏ కాలం. మూడో గడిలో పక్క భాషల రూపాలు. అర్థం గడి చిట్టచివర. అర్థం ముందు పెట్టుకుంటే మనసు కథ అల్లేస్తుందని ఎడిటర్ గారి గట్టి నమ్మకం. "మాట ఒంటి మీద గుర్తులు చూడు, అది చెప్పే కథ తర్వాత విందాం" అనేవారు.

ఈ రూపాల గడి ఎంత అవసరమో నాకు తెలిసింది 'వేలు' దగ్గర. ఇప్పుడు మనం రాసే 'వేలు' నిజానికి రెండు మాటలు. చేతికున్న వేలు పాత కావ్యాల్లో 'వ్రేలు'. తమిళంలో అది 'విరల్', కన్నడంలో 'బెరళు'. చూడండి, తమిళ కన్నడాల్లో 'ర' మాట మధ్యలో ఉంది, తెలుగులో ముందుకి జరిగి 'వ'కి ఒత్తయింది. దీన్ని వర్ణవ్యత్యయం అంటారు. తమిళ 'మరం' మనకు 'మ్రాను', తమిళ 'వరై' మనకు 'వ్రాయు'. ఆ తర్వాత ఎప్పుడో ఆ ఒత్తు కూడా జారిపోయి మాను, వేలు మిగిలాయి; 'వ్రాయు'లో మాత్రం 'వ' జారిపోయి రాయు మిగిలింది. రెండో 'వేలు' వెయ్యికి బహువచనం. దాని పాత రూపాల్లో ఎక్కడా రేఫ, అంటే 'ర' ధ్వని, లేదు. అన్నట్టు, ఈ వెయ్యి ద్రావిడ భాషల్లో కాస్త ప్రత్యేకమైన మాట. తమిళుల 'ఆయిరం', కన్నడిగుల 'సావిర' సంస్కృత 'సహస్రం' నుంచి వెళ్లినవి. మనం మాత్రం దేశ్యమైన మాటనే నిలుపుకున్నాం. ఇప్పటి రాత మాత్రమే చూసేవాడికి వేలు, వేలు ఒకటే. ఎవడైనా "పూర్వం వేళ్లతో లెక్కపెట్టేవారు కాబట్టి వేలు అనే సంఖ్య వచ్చింది" అంటే ఎంత ముచ్చటగా ఉంటుంది! ఆ పాత రేఫ ఒక్కటి చాలు, ఆ ముచ్చటంతా కూలిపోవడానికి.

అందుకే తొలి ప్రయోగం వెతకడంలో ఓపిక కావాలి. ఇక్కడ ఒక చిక్కుంది, బయటివాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోరు. నన్నయ 11వ శతాబ్దం వాడే కానీ ఆయన భారతం మనకు చేరింది తరవాతి కాలపు తాళపత్రాల మీదుగా. రాసేవాడు తన అలవాటు కొద్దీ ఒక అక్షరం మార్చి ఉండొచ్చు. ఛందస్సు కొన్నిచోట్ల పాత రూపాన్ని కాపాడుతుంది, కొన్నిచోట్ల కాపాడదు. రాతిమీద చెక్కిన శాసనానికి ఆ బెడద లేదు. చెక్కినవాడి తప్పులతో సహా అప్పటి రూపం అలాగే ఉంటుంది. కావ్యమంటే ప్రాణం పెట్టే నాలాంటిదానికి మొదట్లో శాసనాలు చదవడం విసుగే. దానాలు, సరిహద్దులు, శాపాలు, మళ్లీ దానాలు. కానీ ఒక మాట ఎప్పటిదో తేల్చాల్సి వచ్చినప్పుడు ఆ పొడి వాక్యాలే అక్కరకొస్తాయి.

నాకిచ్చిన మొదటి పెద్ద ఎంట్రీ 'వేలం'. వస్తువుని పదిమంది ముందు పాట పెట్టి అమ్మే వేలం. చిన్న మాటే కదా, సాయంత్రానికల్లా అయిపోతుందనుకుంటారు ఎవరైనా.

ఆఫీసులో ఈ మాట ఎత్తగానే తలా ఒకటి చెప్పారు. పాట పాడేవాళ్లు వేలు ఎత్తి చూపిస్తారు కాబట్టి వేలం అని ఒకరు. పాట వేలల్లోకి పోతుంది కాబట్టి వేలం అని ఇంకొకరు. టైపింగ్ చేసే కుర్రాడు మాత్రం, "వెల కట్టడమే కదా మేడం, వెల నుంచి వేలం వచ్చింది" అన్నాడు. మూడూ చక్కగా ఉన్నాయి. వేలు ఎత్తడం గురించి ఇప్పుడే చెప్పాను: పాత రూపం వ్రేలు. వేలం అంత పాత మాటే అయితే ఎక్కడో ఒకచోట 'వ్రేలం' కనిపించాలి. పోనీ, రేఫ పోయాక పుట్టిన మాట అనుకుందాం. అలా అనుకున్నా పక్క భాషల గడి నింపేసరికి ముగ్గురి వాదమూ ఒకేసారి ఆగిపోయింది.

ఆ గడి ఇలా తయారైంది. తమిళం: ఏలం. మలయాళం: లేలం. మరాఠీ: లిలావ్. హిందీ: నీలామ్. సముద్రం దాటితే ఇండోనేషియాలో 'లెలంగ్'. అర్థం అన్నిచోట్లా ఇదే. తెలుగు 'వేలు'కీ 'వెల'కీ ఇండోనేషియాలో ఏం పని? తెలుగు మాట ఒక్కటే అన్ని తీరాలకీ పోయిందని వాదించాలంటే మలయాళంలో, మరాఠీలో ఆ 'ల' ఎందుకొచ్చిందో చెప్పాలి. అది చెప్పలేం. తీరాల వెంట ఇలా పరుచుకున్న మాట కనిపిస్తే అడగాల్సిన మొదటి ప్రశ్న: ఓడల మీద వచ్చింది ఎవరు?

పోర్చుగీసు భాషలో వేలాన్ని 'లెయిలావ్ఁ' అంటారు, చివర ముక్కుతో పలికే ధ్వని. ఆ ముక్కు ధ్వని మన నోట్లో 'ం' కావడం కొత్త కాదు. చొక్కా బొత్తాం కూడా పోర్చుగీసు 'బొతావ్ఁ' నుంచే. అలమర, మేస్త్రి కూడా వాళ్లవే. మలయాళం రెండు 'ల'లనీ నిలుపుకుంది. హిందీలో రెండు 'ల'లు పక్కపక్కన పలకడం ఇబ్బందై మొదటిది 'న' అయింది. తమిళంలో 'ల'తో మాట మొదలవ్వడం సంప్రదాయానికి విరుద్ధం. లోకాన్ని కూడా 'ఉలగం' చేసుకున్న భాష అది. కాబట్టి ఏలం.

ఇంతవరకూ రూపాలే. మరి మనుషులు? 1886లో యూల్, బర్నెల్ తెచ్చిన 'హాబ్సన్ జాబ్సన్' కోశంలో 'నీలామ్' దగ్గర చూడమన్నారు ఎడిటర్ గారు. భారతదేశంలో ఇంగ్లీషువాళ్లు వాడిన దేశీ మాటల కోశం అది. మాటను పోర్చుగీసుకు ముడిపెట్టి, లిన్‌షోటెన్ అనే డచ్చి యాత్రికుడి రాతని అక్కడ ఉదాహరించారు. ఆయన 1580లలో గోవాలో ఉన్నాడు. అక్కడ పెద్ద వీధిలో పొద్దున్నే జనం చేరి అన్ని రకాల సరుకూ పాట పెట్టి అమ్మడం, దాన్ని ఆ పేరుతోనే పిలవడం చూసి రాశాడు. అంటే మాట, ఆ మాట వెనకున్న పని, ఆ పని చేసిన మనుషులు, చోటు, కాలం అన్నీ ఒక్క దగ్గర దొరికాయి. వ్యుత్పత్తి రాసేవాళ్లకి ఇంతకన్నా పండగ ఉండదు.

అదే ఎంట్రీలో ఇంకో పేరు కనిపించి నేను కుర్చీలోంచి లేచాను. పోర్చుగీసు మాటకి కూడా మూలం అరబ్బీలో ఉందని, ప్రకటన అనే అర్థమున్న 'అల్ ఇఅలామ్' అని, ఈ సంగతి ఎత్తిచూపింది సి.పి. బ్రౌన్ అని రాశారు. మన బ్రౌన్! ఆయన రాతప్రతి నోట్సులోంచి తీసుకున్నారట. 1852 నాటి తెలుగు నిఘంటువు మీద ఇన్నాళ్లూ ఆధారపడుతూ, ఆయన దృష్టి అరబ్బీ దాకా పోయిందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇంత దొరికినా ఎంట్రీ ఆగింది. ఎందుకంటే తెలుగు 'వ'. మలయాళం 'లే', తమిళం 'ఏ', మరి మనకు 'వే' ఎలా వచ్చింది? తెలుగువాళ్లం 'ఒ' ముందు 'వ' చేర్చి 'వొకటి' అంటాం, 'ఏ' ముందు 'య' చేర్చి 'యేడు' అంటాం. ఆ లెక్కన 'యేలం' రావాలి కానీ 'వేలం' కాదు. దీని మీద మా మీటింగ్ ఒక పూటంతా నడిచింది. మలయాళం బాగా తెలిసిన మా సహోద్యోగి, మాట ఎలాగోలా వచ్చింది కదా, ఒక్క అక్షరానికి ఇంత రభసేమిటని విసుక్కుంది. ఎడిటర్ గారు ఒప్పుకోలేదు. "అమ్మా, మనకు నచ్చని వ్యుత్పత్తిని ఒక్క అక్షరంతో కొట్టేస్తాం. నచ్చినదానికి అదే అక్షరం అడ్డొస్తే సర్దుకుపోదామా?" అన్నారు.

అప్పుడు గుర్తుకొచ్చింది టైపింగ్ కుర్రాడి మాట. వెల నుంచి వేలం పుట్టలేదు, సరే. కానీ ఎవరో మోసుకొచ్చిన 'ఏలం' అనే అర్థం తెలియని మాట చెవిన పడ్డవాడికి, అమ్మకం దగ్గరే నిత్యం వినే 'వెల' తోడుగా తగిలితే? మాట పుట్టుకగా తప్పైన కథ, మాట రూపాన్ని నిజంగానే మార్చగలదు. ఇంగ్లీషు 'బ్రైడ్‌గ్రూమ్' ఇలాంటిదే. పాత ఇంగ్లీషులో అది 'బ్రూద్‌గుమ', పెళ్లికూతురి మనిషి అని. మనిషి అనే అర్థమున్న 'గుమ' వాడుకలోంచి పోయాక, జనం దాన్ని తమకు తెలిసిన 'గ్రూమ్'గా చేసుకున్నారు. దీన్ని లోకనిరుక్తి అంటారు. చివరికి ఎంట్రీలో ఇలా రాశాం: పోర్చుగీసు మూలం, తీర భాషల ద్వారా, తొలి వకారం 'వెల' ప్రభావం కావచ్చు. ఆ 'కావచ్చు' ఉంచాలా తీసెయ్యాలా అన్నది ఇంకో అరగంట. ఉంచాం. ఆ కుర్రాడికి చెబితే, "నేను చెప్పలేదా మేడం" అని తెగ సంబరపడ్డాడు.

ఇలా ఎక్కడికక్కడ 'కావచ్చు', 'మూలం తెలియదు' అని రాయడం మీద బయట ఒక ఎత్తిపొడుపు ఉంది. పాతకాలం పండితులు ప్రతి మాటకీ వ్యుత్పత్తి చెప్పేవారు, మీకెందుకు చేతకాదు అని. నిజమే, యాస్కుడి నిరుక్తంలో ఆ పట్టుదల కనిపిస్తుంది. వ్యాకరణం దారి చూపకపోతే అర్థాన్ని పట్టుకో, అదీ కుదరకపోతే ఒక అక్షరమో వర్ణమో కలిసినా సరే నిర్వచనం చెప్పు, అంతేకానీ చెప్పకుండా మాత్రం వదలొద్దు అంటాడు. వేదమంత్రానికి అర్థం తేల్చాల్సిన మనిషి అతను, అతని అవసరం అది. కానీ అదే నిరుక్తంలో గార్గ్యుడి ఆక్షేపణ కూడా ఉంది. దాన్ని మాత్రం ఎవరూ ఉదాహరించరు. నామాలన్నీ ధాతువుల నుంచే పుట్టాయని శాకటాయనుడి పక్షం అంటే, గార్గ్యుడు ఒప్పుకోలేదు. దారి నడుస్తుంది కాబట్టి గుర్రానికి 'అశ్వం' అని పేరొస్తే, దారిన పోయే ప్రతిదాన్నీ అశ్వం అనాలి కదా అని అడిగాడు. యాస్కుడు దానికి సమాధానాలు చెప్పాడనుకోండి. నాకు మాత్రం గార్గ్యుడే మా విభాగం మనిషిలా అనిపిస్తాడు.

మా దగ్గరికి వచ్చే ఉత్తరాల్లో సగం మూలభాష గొడవే. ఒక వర్గం ప్రకారం తెలుగంతా సంస్కృతంలోంచి వచ్చింది. ఇంకో వర్గం ప్రకారం ప్రపంచ భాషలన్నీ తెలుగులోంచి వచ్చాయి. 'కత్తి' నుంచి ఇంగ్లీషు 'కట్' వచ్చిందని ఒకాయన పేజీల కొద్దీ రాశారు. ఇలాంటివాటికి జవాబు రాసే పని కూడా కొన్నాళ్లు నా మీద పడింది. మొదటి వర్గానికి నేను చెప్పేది, ఈ చర్చ 1816లోనే చాలావరకు తేలిపోయిందని. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో ఫ్రాన్సిస్ ఎల్లిస్, తెలుగు, తమిళ, కన్నడ ధాతువుల్ని వరసలుగా పెట్టి, వీటి మూలం సంస్కృతం కాదని చూపించాడు. ద్రావిడ భాషల్ని పోల్చి వ్యాకరణం రాసిన కాల్డ్వెల్ పుస్తకం వచ్చింది 1856లో, అంటే ఇంకో నలభై ఏళ్లకి. రెండో వర్గానికి చెప్పడం కష్టం. వాళ్లు పోలికలు చూపిస్తారు, మనం నియమం అడుగుతాం. 'కత్తి'–'కట్' వరసలో ఇంకో నాలుగు జతలు చూపించమంటే మళ్లీ ఉత్తరం రాదు.

ఒక్కోసారి దారి మనం అనుకున్న వైపు నుంచి ఉండదు. సంస్కృతంలో 'నీరం' ఉంది కాబట్టి 'నీరు' దాని వికృతి అనేయడం తేలిక. కానీ నీరు తమిళంలో, కన్నడంలో, మలయాళంలో ఉంది. సంస్కృతానికి చుట్టాలైన గ్రీకు, లాటిన్‌లలో ఆ మాట జాడ లేదు. ద్రావిడం నుంచే సంస్కృతంలోకి వెళ్లిందని ఎక్కువమంది పండితుల మాట. 'మీనం' సంగతీ అంతే. థామస్ బరో 1940లలో ఇలాంటి మాటల మీద వరసగా వ్యాసాలు రాశాడు. ఆయనే ఎమెనోతో కలిసి 1961లో ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తెచ్చాడు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి తెలుగు ధాతువుల పుస్తకం వచ్చింది కూడా ఆ ఏడాదే. ఆ రెండూ నా బల్ల మీద ఎప్పుడూ ఉంటాయి. బరో, ఎమెనోల నిఘంటువులో మూలద్రావిడ రూపాలు, అంటే ఈ భాషలన్నిటికీ తల్లి అనుకునే భాషకి ఊహించి కట్టిన రూపాలు, ఉండవు. తమిళంతో మొదలుపెట్టి పాకిస్తాన్ వైపు మాట్లాడే బ్రాహుయి దాకా చుట్టాలను వరసగా నిలబెట్టి ఊరుకుంటారు, మిగతాది మన తెలివికి వదిలేస్తారు. మొదట్లో ఇది లోటులా అనిపించేది. ఇప్పుడైతే సాక్ష్యాన్నీ తీర్పునీ కలపకపోవడమే నయమనిపిస్తుంది.

అరువు మాటల్లో నాకు ఇష్టమైనది 'కాగితం'. పారశీకంలో 'కాగజ్' ఉంది, 'కాగద్' అనే రూపమూ ఉంది. ఇప్పటి హిందీలో జకారం నిలిచింది. మరాఠీలో, కన్నడంలో దకారం. మనది తకారం. అంటే మన దగ్గరికి వచ్చింది 'కాగజ్' కాదు, ఆ రెండో రూపం. ఒక్క హల్లు చూసి మాట ఏ గుమ్మంలోంచి వచ్చిందో చెప్పగలగడం, ఈ పనిలో నాకు దొరికే సంతోషాల్లో పెద్దది ఇదే.

ఈ పని చేయాలని ఉందని అడిగేవాళ్లకి ఒక మాట. సాధనాలు ఇప్పుడు ఇంట్లోనే దొరుకుతాయి. తెలుగు నిఘంటువుల్ని ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒకేసారి వెతకొచ్చు. చికాగో విశ్వవిద్యాలయం వాళ్ల దక్షిణాసియా నిఘంటువుల సంగ్రహంలో బరో–ఎమెనో, బ్రౌన్, మరాఠీకి మోల్స్‌వర్త్, పారశీకానికి స్టైన్‌గాస్, హాబ్సన్ జాబ్సన్ అన్నీ ఉన్నాయి. కన్నడానికి 1894 నాటి కిట్టెల్, మలయాళానికి 1872 నాటి గుండర్ట్ (నవలాకారుడు హెర్మన్ హెస్సేకి ఈయన తాతగారు) దగ్గర ఉంచుకోండి. స్కాన్ చేసిన పాత పుస్తకాల్లో కంప్యూటర్ వెతికి తెచ్చిన ప్రయోగాన్ని మాత్రం పేజీ తెరిచి కళ్లతో చూడందే నమ్మొద్దు. 'ప'ని 'వ'గా, 'ఘ'ని 'ఘు'గా చదివేసి మాటకి లేని వయసు కట్టబెడుతుంది. పుస్తకం అచ్చైన ఏడాదినే రచన కాలంగా చూపించడం ఇంకో తలనొప్పి.

పక్క భాష ఒక్కటైనా రావాలి. ఇందులో దగ్గరి దారి లేదు. తెలుగు ఎంత బాగా వచ్చినా, తెలుగు ఒక్కటే వస్తే ప్రతి మాటా తెలుగులోనే పుట్టినట్టు కనిపిస్తుంది.

వేలం ఎంట్రీ ఖాయమయ్యాక దానికి సమానార్థకం 'హర్రాజు' నా వంతుకే వచ్చింది. ఇదీ అరబ్బీ మూలమే, అక్కడ 'హరాజ్'. అంటే తెలుగులో ఈ అమ్మకానికి ఉన్న ఈ రెండు పేర్లూ చివరికి ఒకే భాషకి చేరుతున్నాయి. ఒకటి ఓడల మీద పోర్చుగీసువాళ్లతో వస్తే, రెండోది సర్కారు కచేరీల మీదుగా నడిచి వచ్చింది. కన్నడంలో 'హరాజు' అని ఒక్క రేఫే, మనకు మాత్రం రెండు. ఆ ద్విత్వం ఎక్కడ చేరిందో తేలాలంటే తేదీ ఉన్న పాత దస్తావేజులు కావాలి. ప్రస్తుతం రెవెన్యూ కాగితాల నకళ్లు ఒక కట్ట తెప్పించుకుని చూస్తున్నాను. గొలుసుకట్టు రాత, ఒక్కో పేజీకి చాలాసేపు పడుతోంది.